మడత విప్పని పుట

అమ్మడు రాసుకొచ్చిన కాగితాలను ఎర్రసిరా మేడమ్ మొదటి నుంచి చివరి దాకా తిప్పింది. ఒక్క చోట కూడా కలం ఆనించలేదు. చరిత్ర విభాగంలో అంతకు మించిన శిక్ష లేదు. ఆవిడ చేతిలోంచి కాగితం ఎర్రబడి వచ్చిందంటే దిద్దుకోవడానికి అందులో ఏదో ఉందని అర్థం. తెల్లగా వచ్చిందంటే దిద్దడానికి కూడా పనికిరాదని అర్థం. ఆ కలం చూసే విద్యార్థులు ఆవిడకు ఆ పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలిసినట్టు మాత్రం ఎప్పుడూ కనిపించదు.

"ఇది సమీక్ష కాదమ్మాయ్, హాజరుపట్టీ," అంది మేడమ్. "అందర్నీ పేరుపెట్టి పిలిచావు. అందరూ వచ్చి బుద్ధిగా కూర్చున్నారు. మరి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరేం?"

అమ్మడు కాగితాలు అందుకుంది. నోరు మెదిపితే ఏడుపొచ్చేలా ఉంది. నెల రోజులు కష్టపడి రాసింది. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క పేరా. ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆయన అలా అన్నారు, మరొకాయన ఇంకోలా అన్నారు. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, అందరికీ సమానంగా చోటిచ్చింది. పెళ్ళి పందిట్లో కుర్చీలు వేసినంత వరసగా ఉంది వ్యవహారం. అదే తప్పని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

ఎం.ఏ. రెండో సంవత్సరంలో పరిశోధన తీసుకున్నవాళ్ళు ముందుగా చెయ్యవలసిన పని ఇది. తాము ఎంచుకున్న విషయం మీద అంతకు ముందు ఎవరెవరు ఏమేమి రాశారో, ఎవరి మాట నిలబడిందో, ఎవరి మాట తేలిపోయిందో, ఇంకా ఎవరూ అడుగు పెట్టని చోటు ఏదో తేల్చి చెప్పాలి. ఆ చోటు చూపించగలిగితే విషయం వాళ్ళది. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఆ లోపల మేడమ్ సంతకం పడకపోతే అమ్మడు పరిశోధన వదులుకుని, అందరితో పాటు పరీక్షలు రాసి, పట్టా పుచ్చుకుని ఇంటికి పోవాలి. పట్టా వస్తుంది. రేవు పోతుంది.

ఆ రేవే అమ్మడి విషయం. ఊరికి బస్సులో గంట దూరంలో ఒక గడ్డిమైదానం ఉంది. బడిలో చదివేటప్పుడు ఒకసారి పిల్లలందర్నీ అక్కడికి తీసుకెళ్ళారు. కనుచూపు మేర చుక్క నీళ్ళు లేవు. ఆ గడ్డి మధ్యలో నిలువెత్తు రాతిస్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక ఇనుపకడియం. ఓడలు కట్టేసేవారట. మిగతా పిల్లలు కడియాలు పట్టుకుని ఊగుతుంటే అమ్మడు ఒక స్తంభం మీద చెయ్యి వేసింది. తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని రాతిలో గాడి పడింది. ఆ గాడిలో తన చెయ్యి మణికట్టు దాకా పట్టింది. ఎన్ని ఓడలు, ఎన్ని తాళ్ళు, ఎంతమంది చేతులు లాగితే రాయి అంత అరగాలి? ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు మళ్ళీ పోలేదు. ఇంత రేవు ఎందుకు చచ్చిపోయింది, ఇక్కడి మనుషులు ఏమయ్యారు అన్నది అప్పటి నుంచి ఆ పిల్ల మెదడు తొలుస్తూనే ఉంది.

మేడమ్ దగ్గర్నుంచి అమ్మడు ఇల్లు చేరేసరికి అమ్మ మిషను తొక్కుతోంది. ముందుగదే ఆవిడ కుట్టుపని దుకాణం. అమ్మమ్మ గోడవార కూర్చుని ఒళ్ళో డబ్బా పెట్టుకుని గుండీలు ఏరుతోంది. ఏరుతూ ఎప్పటిలాగే వాళ్ళ అక్కతో గొడవ పడుతోంది. ఆ అక్క పోయి చాలా ఏళ్ళయింది. అయినా గొడవ మాత్రం ఇంకా తెగలేదు.

"నాలుగంటుంది," అంది అమ్మమ్మ, అమ్మడు చెప్పులు విప్పుతుండగానే న్యాయం చెప్పమన్నట్టు. "మా చిన్నప్పటి ఇంటికి మెట్లు నాలుగంటుంది మా అక్క. ఉన్నవి అయిదు."

ఈ మెట్ల తగువు అమ్మడు పుట్టినప్పటి నుంచి వింటోంది. రోజూ అయితే నవ్వేసి లోపలికి పోయేది. ఇవాళ కాళ్ళు రాక అక్కడే చతికిలబడి, ఉన్నవి అయిదైతే పెద్దమ్మమ్మ నాలుగని ఎందుకంటుందని అడిగింది.

"దాని లెక్కలో కింద ఉన్న బండరాయి మెట్టు కాదు," అంది అమ్మమ్మ. "దానికి లెక్క రాక కాదు. నాకంటే బాగా వచ్చు. మెట్టంటే ఏమిటి అన్న దగ్గరే మా ఇద్దరికీ పేచీ."

చచ్చిపోయిన మనిషి మాట ఇంకా ఈ గదిలో ఉంది. బతికి ఉన్న మనిషి దానికి జవాబు చెబుతూనే ఉంది. ఇద్దరూ ఒకే ఇంటి ముందు నిలబడి వేరువేరుగా లెక్కపెడుతున్నారు. మరి తన పుస్తకాలవాళ్ళు? వాళ్ళు దేన్ని మెట్టనుకున్నారో తను అడిగిందా? లేచి వెళ్ళి పుస్తకాలన్నీ తెచ్చి, అమ్మ బట్ట కత్తిరించుకునే బల్ల మీద పరిచింది. అమ్మ తల ఎత్తి చూసి, జాకెట్టు గుడ్డ మీద సిరా పడితే ఊరుకునేది లేదని మాత్రం చెప్పింది.

అందరిలోకి పాత పుస్తకం రాసినాయన రేవు ఎత్తుబడిన కాలానికి దగ్గరివాడు. నదీముఖంలో ఇసుక మేట వేసింది, ఓడలు లోపలికి రాలేక రేవు పాడుబడింది, జనం ఊరొదిలి పోయారు అన్నాడు. అమ్మడు ఆయనకు ఇసుకాయన అని పేరు పెట్టింది. తరవాత తరంలో వచ్చినాయన, ఇసుక ఎప్పుడూ ఉన్నదే, అంతకు ముందు తవ్వించేవాళ్ళు, తవ్వించడం ఎందుకు మానారో అడగాలి అన్నాడు. పన్నులు మితిమీరి వర్తకులు వేరే రేవులకు పోయారు, వాళ్ళ వెనకే జనమూ పోయారు అని ఆయన వాదన. ఈయన పన్నులాయన. మూడో ఆయన పన్నుల లెక్కలన్నీ పూర్వపక్షం చేసి, ఆ ఏళ్ళలో వచ్చిన విషజ్వరాన్ని పట్టుకొచ్చాడు, దానికి జడిసే జనం ఊరొదిలారన్నాడు. ఈయన జ్వరమాయన. నాలుగో పుస్తకం ఎర్రసిరా మేడమ్‌ది. రాజులనూ వర్తకులనూ వదిలిపెట్టి కూలివాళ్ళ వైపు నుంచి చూసిన మొదటి పుస్తకం. కొత్త రేవుల్లో కూలి ఎక్కువిచ్చారు, అందుకే వెళ్ళిపోయారు అని తేల్చింది ఆవిడ. ఆ తరవాత వచ్చిన చిన్నాచితకా పుస్తకాలన్నీ ఈ నలుగురి చుట్టూ తిరిగినవే.

ఇవే పుస్తకాలు అమ్మడు అంతకు ముందు చదవలేదా అంటే చదివింది. వినలేదు. ఇప్పుడు బల్ల చుట్టూ తిరుగుతూ, ఒకదాంట్లో ఒక పేరా, దానికి జవాబుగా మరోదాంట్లో ఇంకో పేరా చదువుతుంటే గొంతులు వినబడ్డాయి. పన్నులాయన పుస్తకం వచ్చేసరికి ఇసుకాయన పోయాడు. అయినా పన్నులాయన ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టే, "అయ్యా, తమరు నదిని చూశారు గాని నది ఒడ్డున కచేరీని చూడలేదు" అని రాశాడు. జ్వరమాయన ముందుమాటలో పన్నులాయనకు దణ్ణం పెట్టి, మొదటి అధ్యాయంలోనే ఆయన్ని చీల్చి చెండాడాడు. ఒకరినొకరు చూసుకున్నారో లేదో తెలియదు. అయినా నూరేళ్ళుగా ఒకే మాట మీద ఒకరి తరవాత ఒకరు వచ్చి కూర్చుని, ముందువాడు వదిలిన చోట అందుకుని, కాదంటూ అవునంటూ, ఆ గడ్డిమైదానాన్ని వదలకుండా పట్టుకుని ఉన్నారు. అమ్మడికి కళ్ళు చెమర్చాయి. ఇంతమంది పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్న గదిలోకి తనను రానిచ్చారే అనిపించింది.

అప్పటి నుంచి ఆ పుస్తకాలవాళ్ళు కూడా ఇంట్లో మనుషులైపోయారు. "జ్వరమాయన ఇవాళ ఏమన్నాడే?" అని అమ్మమ్మ గుండీలు ఏరుతూ ఆరా తీసేది. పన్నులాయన మీద ఎందుకో ఆవిడకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు.

ఇలా రాస్తూ పోగా అమ్మడికి ఒక సంగతి తట్టింది. నలుగురూ ప్రతి దాని మీదా పోట్లాడుకున్నారు గాని ఒక్క దాని మీద ఎవరూ పోట్లాడలేదు. జనం వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారన్నదే తగువు. వెళ్ళారన్నదానికి అందరూ ఒకే సాక్ష్యం చూపించారు. ఆ రేవుకు ఆఖరి అధికారి అచ్చు వేయించిన నివేదిక, ఆఖరి అధ్యాయం, అదే పుట, అదే మాట: "రేవు ఖాళీ అయింది." అక్కడ పూర్ణవిరామం. ఇసుకాయన పెట్టిన చోటే అందరూ పెట్టారు.

ఎం.ఏ.లో చేరిన మొదటి రోజు ఎర్రసిరా మేడమ్ బల్ల గుద్ది చెప్పిన నియమం ఒకటి ఉంది. చూడని పుటను చూశానని రాయకూడదు. అమ్మడు బుద్ధిమంతురాలు. ఆ పుట తనూ ఒకసారి చూసి రాద్దామని బుధవారం పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్ళింది.

పాతపుస్తకాల గది తాళాలాయన నివేదికను రెండు చేతులతో మోసుకొచ్చి మెత్తటి గుడ్డ మీద పెట్టాడు. ఊళ్ళో ఉన్నది ఈ ఒక్క ప్రతే అన్నాడు. అమ్మడు వేలి కొసలతో పుటలు తిప్పింది. ఓడల రాకపోకలు, గాలివాటాలు, దీపస్తంభానికి నూనె. ఆఖరి అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి పుట తిరగలేదు. మళ్ళీ తిప్పింది. రెండు కాగితాలు అంచు దగ్గర అతుక్కుని ఉన్నాయనుకుంది. చూస్తే అతుక్కోలేదు, ఒకే కాగితం. మడత.

పాతకాలంలో పెద్ద కాగితం మీద అచ్చు వేసి, దాన్ని మడిచి, అలాగే కుట్టేసేవారు. ఆ మడతలు చదివేవాళ్ళే కత్తితో కోసుకోవాలి. మొదటి అధ్యాయాల మడతలు ఎవరో ఎప్పుడో కోశారు. ఆఖరి అధ్యాయం మడతలు ఎవరూ కొయ్యలేదు. అందరూ చూపించిన ఆ పుట ఆ మడత లోపల ఉంది.

ఇసుకాయన సంగతి వేరు. ఆయన ఆ కాలపువాడు, సొంత ప్రతి చూసి ఉంటాడు. మరి మిగతావాళ్ళు? పన్నులాయన, జ్వరమాయన ఇద్దరూ ఈ గ్రంథాలయపు ప్రతే చూశామని రాశారు. ఎర్రసిరా మేడమ్ పుస్తకం చివర కూడా అదే రాసి ఉంది. కోయని మడత లోపలి పుటంతా చదవడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

మడతను కింద నుంచి కొంచెం ఉబ్బించి, తల వంచి లోపలికి చూసింది. అంతా చీకటి. అడుగున ఒక్క పంక్తి మీద మాత్రం కిటికీ వెలుతురు పడింది. ఆ పంక్తి చివరి మాట కనిపించింది: "నవ్వుతారు."

పాడుబడిన రేవు గురించి రాసిన పుటలో ఎవరు నవ్వుతారు? ఎందుకు నవ్వుతారు? అమ్మడికి చిన్నప్పుడు రాతి గాడిలో చెయ్యి పెట్టినప్పుడు జలదరించినట్టే జలదరించింది. తాళాలాయనను బతిమాలింది. ఆయన కుదరదన్నాడు. పాత మడతకు కత్తి పెట్టాలంటే విభాగంలో పెద్దల సంతకం ఉండాలి. చరిత్ర విభాగానికి పెద్ద ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం సాయంత్రమంతా అమ్మడి పని కుడితిలో పడ్డ ఎలకలా అయింది. సంతకం అడగడమంటే మేడమ్ ముఖం మీద, మీరు ఆ పుట చూడలేదు అని చెప్పడమే. ఆవిడ సంతకం లేకపోతే శుక్రవారం లేదు. అడగకుండా ఊరుకుని, అందరిలాగే పుట సంఖ్య వేసి, పూర్ణవిరామం పెట్టేస్తే ఎవరికీ తెలియదు. సమీక్ష బాగానే వచ్చింది, సంతకం పడేలాగే ఉంది. రేవు దక్కుతుంది. కాని అలా దక్కిన రేవులో ఏముంటుంది? ఆ నవ్వేవాళ్ళు మడతలోనే ఉండిపోతారు. చివరికి ఒక వాక్యం రాసింది, అదీ అడుగున, చిన్న అక్షరాల్లో: ఈ పుటను తరవాతి చరిత్రకారులు కొందరు చూసినట్టు లేదు. ఆ "కొందరు" అన్న మాట వెనక దాక్కుని గురువారం మధ్యాహ్నం మేడమ్ గది తలుపు తట్టింది.

చెప్పవలసింది నేల చూపులు చూస్తూ చెప్పింది. మేడమ్ ఏ పుట అని అడిగింది. అమ్మడు చెప్పింది. మేడమ్ లేచి అలమరలోంచి తన పుస్తకమే తీసి, తిప్పి, ఒక చోట ఆగింది. తను ఎప్పుడో రాసిన ఆ పుట సంఖ్య మీద వేలు పెట్టింది.

"మడత కోసి లేదా?"

"లేదండీ."

"జ్వరం పుస్తకం రాసింది మా గురువుగారు," అంది మేడమ్. గొంతులో కోపం లేదు. అందుకే అమ్మడికి ఇంకా భయమేసింది. "ఆయన చూసే ఉంటారనుకున్నాను. ఆయన కూడా అలాగే, ముందాయన చూసే ఉంటారనుకుని ఉంటారు."

మడత కోయడానికి అమ్మడు తెచ్చిన అర్జీ మీద సంతకం పెట్టలేదు. కళ్ళజోడు తీసుకుని, పద అంది. మెట్ల మీద ఎదురైన విద్యార్థులు పక్కకు తప్పుకున్నారు. అమ్మడు ఆవిడ వెనకే నడుస్తూ, శుక్రవారానికీ రేవుకీ మనసులో నీళ్ళు వదిలేసుకుంది.

తాళాలాయన ఎముకతో చేసిన సన్నటి కత్తి తెచ్చి మేడమ్ చేతికిచ్చాడు. ఆవిడ మడతలో కత్తి దూర్చి, అంగుళం అంగుళం చొప్పున పైకి లాగింది. సన్నటి చప్పుడు, కొంచెం ధూళి. కాగితం రెండుగా విచ్చుకుంది. లోపలి పుటలు బయటి వాటిలా పసుపెక్కలేదు. నిన్న అచ్చు వేసినంత తెల్లగా ఉన్నాయి. అచ్చయిన రోజు నుంచి ఆ పుటల మీద నిండుగా పడిన మొదటి వెలుతురు అది. తాళాలాయన తన గదిలో ఇలాంటిది ఉందని తనకే తెలియనట్టు నిలబడ్డాడు.

మేడమ్ ఆ చోటు వెతికి పట్టుకుంది. "రేవు ఖాళీ అయింది" అన్న దగ్గర పూర్ణవిరామం లేదు. ఇసుకాయన సగంలో తుంచిన వాక్యం అది. ఆవిడ మెల్లిగా, ఒక్కొక్క మాటా నేల మీద పెట్టి నడిచినట్టు, పైకి చదివింది.

"రేవు ఖాళీ అయింది, ఓడలకు మాత్రమే, మనుషులు ఒక్కరూ కదలలేదు. తాళ్ళు పేనేవాళ్ళు నేటికీ పేనుతూనే ఉన్నారు. ఎవరి కోసమని అడిగితే నవ్వుతారు."

చదవడం అయిపోయింది. మేడమ్ కళ్ళజోడు తీసేసింది. అమ్మడి కళ్ళ ముందు ఆ గడ్డిమైదానం నిలబడింది. అయితే ఈసారి ఖాళీగా లేదు. స్తంభాల మధ్య మనుషులు కూర్చుని ఉన్నారు, చేతుల్లో నార ఉంది, నీళ్ళు లేని రేవులో రాని ఓడల కోసం తాడు పొడుగవుతోంది. నూరేళ్ళుగా నలుగురు మహా పండితులు వాళ్ళను ఊరు దాటించడానికి కారణాలు వెతికారు. వాళ్ళు మాత్రం కదలకుండా, ఈ మడతలో, నవ్వుతూ ఉన్నారు.

"అయితే వీళ్ళు ఇక్కడే ఉన్నారన్నమాట," అంది మేడమ్. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఎందుకు వెళ్ళారని నా జీవితంలో ఎనిమిదేళ్ళు అడిగాను."

తరవాత చెయ్యి చాపింది. అమ్మడు తన కాగితాలు ఇచ్చింది. మేడమ్ నిలబడే చదవడం మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చుంది. ఇసుకాయనకు పన్నులాయన జవాబు చెప్పే చోట పెదవి కొంచెం వంగింది. ఆఖరి కాగితం అడుగున ఆ చిన్న అక్షరాల దగ్గర ఆగి, ఎర్ర కలం మూత తీసింది.

"ఈ కొందరు ఎవరు?"

అమ్మడి చూపు కోసిన మడత మీదికి పోయింది.

"చరిత్రలో కొందరు అని ఎవరూ ఉండరమ్మాయ్. పేర్లుంటాయి." ఆ వాక్యానికి గీత చుట్టి, బాణం వేసి, దాన్ని అడుగు నుంచి పైకి, అసలు వ్యాసం మధ్యలోకి ఎక్కించింది. "కొందరు" మీద అడ్డగీత కొట్టింది. అక్కడ పన్నులాయన పేరు రాసింది. పక్కన తన గురువు పేరు రాసింది, రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దాని పక్కన, అదే ఎర్రసిరాతో, అంతే పెద్ద అక్షరాలతో, తన పేరు తనే రాసుకుంది. ఆ కింద సంతకం పెట్టి, తేదీ వేసింది.

అమ్మడు అప్పుడు ఏడ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. మేడమ్ అదేమీ చూడనట్టు కలం మూత పెట్టి, నివేదికను గుడ్డతో సహా ఆ పిల్ల ముందుకు జరిపింది.

"ఇంకోసారి చదువు," అంది. "నువ్వు చదువు. నేను వింటాను."